కాగితం మీది ఇల్లు, నేల మీది ఇల్లు
(యుగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పచ్చడి రుచి నాలుక మీద ఉండగానే ఉపన్యాసం మొదలుపెట్టడం న్యాయం కాదు గాని, కార్యవర్గం వారు మాకు కేటాయించిన వేళ ఇదే. విషయం కూడా వారే సూచించినారు. మన కుటుంబాలలోని పిల్లలు ఇప్పుడు ఆర్కిటెక్చరు చదువులో చేరుతున్నారు. వారి తల్లిదండ్రులు మమ్మల్ని చూసినప్పుడల్లా అడిగే ప్రశ్న ఒక్కటే. “ఇంజనీరింగు వద్దనుకునే గదండీ దీంట్లో చేర్చినాము! వాడికి బొమ్మలు గీయడం వచ్చు, కంప్యూటరు వచ్చు. ఆ ఇటుకలూ, సిమెంటూ, లెక్కలూ ఎందుకు?” అంటారు. ఈ ప్రశ్నకు ఒక పూట కూర్చుని జవాబు చెప్పవలెనని మాకు చాలాకాలంగా ఉన్నది.

ముందొక మాట. ఇక్కడ వాస్తు అంటే వంటగది ఏ మూల, వాకిలి ఏ దిక్కు అన్న చర్చ కాదు. ఆ విషయం మీద మాట్లాడేవారికి మన సంఘంలో కొరత లేదు, వారి జోలికి మేము పోము.

మేము అత్తిమంజేరిపేటవారము. ఈ సభలో సగం మందికి ఆ ఊరు తెలుసు, తెలియని వారికోసం చెబుతున్నాము. తిరువళ్ళూరు జిల్లా, పళ్ళిపట్టు తాలూకా, పొదటూరుపేటకు చేరువ. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లా నుండి విడివడి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఆ రాత్రి పడుకున్నది ఆంధ్రప్రదేశ్‌లో, తెల్లవారి లేచింది మద్రాసు రాష్ట్రంలో! సరిహద్దు కదిలింది గాని మగ్గం కదలలేదు, మాట మారలేదు. ఆ ఊరికి మగ్గమే అన్నం పెట్టింది. మొదట గుంటమగ్గం, తరువాత మరమగ్గం.

నేతవారి ఇండ్లలో పుట్టినవారికి మేము చెప్పబోయే సంగతి సగం తెలిసినదే. చీర అంచుకు బుటా గీసేవాడొకడు, నేసేవాడొకడు. గీసేవాడు గళ్ళ కాగితం మీద గీస్తాడు. ఒక గడి అంటే ఒక పోగు. జాకార్డుకు 120 కొక్కేలు ఉంటే, ఆ అంచు 120 పోగుల లెక్కలో ఇమడాలి. 121వ పోగును లేపేందుకు కొక్కెం లేదు. హంస మెడ ఎంత వయ్యారంగా గీసినా సరే, లేని కొక్కెం లేవదు. అంతేకాదు. పోగు పడుగును పట్టుకోకుండా వెనుకవైపు పొడుగునా తేలిపోతే, కట్టుకున్నవారి కాలి మట్టెకు తగిలి తెగుతుంది. కాబట్టి బొమ్మ గీసేవాడు మగ్గం మీద కూర్చోకపోయినా మగ్గం పక్కన కూర్చుని ఉండాలి. అట్టలకు రంధ్రాలు ఎట్లు పొడుస్తారో, నాడె ఎట్లు పోతుందో, పోగు ఎక్కడ తెగుతుందో చూసి ఉండాలి. మగ్గం ఎరుగనివాడు గీసిన బుటాను మా ఊరిలో ఎవ్వరూ మగ్గానికి ఎక్కించరు. నేతగాడు దాన్ని ఒకసారి చూసి, నవ్వి, మడిచి ఇచ్చేస్తాడు.

నష్టపడేది ఒక చీర అయితేనే మనవారు ఇంత జాగ్రత్తపడినారు. ఇంటి విషయంలో నష్టపడేది మనుషులు.

మా ఊరి ఇంటినే తీసుకుందాము. ఒక విద్యార్థికి “నేతవారి ఇల్లు గీయుము” అని పరీక్షలో ఇచ్చినారనుకోండి. గుంటమగ్గం నేలలోకి దిగి ఉంటుంది. నేతగాడు గుంటలో కాళ్ళు పెట్టి గట్టు మీద కూర్చుంటాడు. మట్టి నేల చెమ్మ పోగును మెత్తగా ఉంచుతుంది, ఎండిన గాలిలో పోగు తెగుతుంది. అందుకనే మన పాత ఇండ్లలో మగ్గపు గది చల్లగా, కాస్త చీకటిగా, వెలుతురు మాత్రం ఒక పక్కనుండి పోగు మీద పడేటట్టు ఉంటుంది. వీధి కూడా ఇంటిలో భాగమే. పడుగు సాచి గంజిపెట్టవలెనంటే తిన్నని పొడవైన వీధి కావలె, తెల్లవారుజామున నీడ కావలె. ఇదంతా చూడనివాడు ఆ గదికి నున్నని పలకరాళ్ళు పరిచి, నాలుగువైపులా కిటికీలు పెట్టి, “గాలీ వెలుతురూ పుష్కలం” అని రాసి మార్కులు తెచ్చుకుంటాడు. ఆ ఇంట్లో దిగిన నేతగాడు రోజంతా తెగిన పోగులు ముడివేసుకుంటూ కూర్చుంటాడు.

అదే గదిలోకి మరమగ్గం వచ్చిందనుకోండి, లెక్క మొత్తం తలకిందులవుతుంది. ఇనుప యంత్రం నిమిషానికి వందకు పైగా సార్లు నాడెను ఇటూ అటూ కొడుతుంది. ఆ దెబ్బ నేలలోకి పోతుంది, నేలనుండి గోడలోకి పోతుంది. మట్టితో, సున్నంతో కట్టిన పాత గోడ బరువును మోయడానికి పుట్టింది, ఊపును మోయడానికి కాదు. యంత్రానికి గోడ పునాదితో సంబంధం లేని వేరే దిమ్మె కట్టితే ఆ ఊపు చాలావరకు అక్కడే అణగుతుంది. తలుపు మూల నుండి పైకి ఏటవాలుగా పాకిన పగులు చూసినప్పుడు, అది గిలాబు పగులా, గోడ పగులా, పునాది దిగిందా అని చెప్పగలగడం ఏ తరగతి గదిలోనూ రాదు. పగులు మీద అడ్డంగా చిన్న గాజుముక్క అతికించి, నెల తరువాత అది విరిగిందా లేదా అని చూడాలి. విరిగితే గోడ ఇంకా కదులుతున్నదన్నమాట. ఇది ఖర్చులేని పరీక్ష. ఏ మంచి మేస్త్రిని అడిగినా చెబుతాడు, కాని అడగడానికి అతని దగ్గరికి పోవాలి.

ఇక మిద్దె మాట. ఈ చెన్నపట్నంలోనూ, మన పక్క ఊళ్ళలోనూ పాతకాలపు మిద్దెలు ఇంకా కొన్ని నిలిచి ఉన్నవి. మద్రాసు టెర్రేసు అని దాని పేరు. టేకు దూలాల మీద దంతెలు, దంతెల మీద చిన్న చిన్న పలుచని ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసలలో సున్నంతో పేర్చి, దానిపైన ఇటుక కంకర కలిపిన సున్నపు పొర వేసి, ఆడకూలీలు వరుసగా కూర్చుని చెక్కలతో రోజుల తరబడి కొట్టేవారు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు చల్లుతూ కొట్టేవారు. ఆపైన పలుచని పెంకుబిళ్ళలు. ఆ చిన్న ఇటుకలు కిందనుండి సెంట్రింగు చెక్కలు లేకుండానే ఎట్లు నిలుస్తాయో ఒక విద్యార్థి కన్నులారా చూసినట్లయితే, సున్నం పట్టే గుణమూ, ఇటుక ఒత్తిడికి ఓర్చే గుణమూ, దూలం వంగే గుణమూ మూడూ ఒక్కసారి అర్థమవుతాయి. పుస్తకంలో ఈ మూడూ మూడు వేర్వేరు అధ్యాయాలు, ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు.

ఇప్పుడు కొంచెం లెక్క. భయపడకండి, పలక బలపం అవసరం లేదు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, పది అడుగుల ఎత్తు, ఒక్క అడుగు పొడవు ముక్క సుమారు నాలుగువందల కిలోలు తూగుతుంది. పది అడుగుల గోడ అంటే నాలుగు టన్నులు. పది అడుగులకు పది అడుగుల గదిపైన ఐదంగుళాల కాంక్రీటు స్లాబు మూడు టన్నులకు దగ్గర. కంప్యూటరు తెర మీద ఈ గోడను వేలితో పట్టుకుని పై అంతస్తులో ఇటునుండి అటు జరుపుతారు మన పిల్లలు. తెర మీద దానికి బరువు లేదు. కింద దూలం ఉన్నదా, స్తంభం ఉన్నదా, ఏదీ లేక ఉత్త స్లాబు మీద నాలుగు టన్నులు కూర్చుంటున్నవా అని ఆ తెర తనంతట తాను అడగదు. అడగవలసింది గీసే చేయి. ఆ చేతికి బరువు తెలియవలెనంటే ఒక రోజైనా ఇటుకలు అందించి ఉండాలి.

బాల్కనీ మరీ మంచి ఉదాహరణ. మామూలు స్లాబు నడుమ కిందికి వంగుతుంది కనుక సాగేది అడుగు భాగం, కమ్మీలు అడుగున ఉండాలి. గోడనుండి ముందుకు పొడుచుకు వచ్చిన బాల్కనీ కొన కిందికి వంగుతుంది కనుక సాగేది పైభాగం, కమ్మీలు పైన ఉండాలి. నక్షాలో సరిగానే గీస్తారు. కాంక్రీటు పోసే రోజున పది మంది కూలీలు తట్టలు మోస్తూ ఆ కమ్మీల మీదనే నడుస్తారు. పై కమ్మి అంగుళం, రెండంగుళాలు కిందికి కుంగుతుంది. ఎవరూ చూడరు. పైన కాంక్రీటు కప్పేస్తుంది. గుంజలు తీసిన రోజున, లేకపోతే పెళ్ళికి నలుగురు చేరి ఊరేగింపు చూసిన రోజున, ఆ బాల్కనీ సంగతి బయటపడుతుంది. ఇందులో నక్షా తప్పు లేదు, సిమెంటు తప్పు లేదు. పై కమ్మీలు కుంగకుండా కింద ఇనుప కుర్చీలు పెట్టమని రాయడం, పెట్టినారా అని పోసేముందు వంగి చూడడం, అంతే కావలసింది. కాంక్రీటు పోయడం ఒక్కసారైనా చూడనివానికి మనుషులు కమ్మీల మీద నడుస్తారన్న ఊహే రాదు.

“ఇవన్నీ చూసుకోవడానికి స్ట్రక్చరల్ ఇంజనీరు ఉన్నాడు గదా?” అని అడుగుతారు. ఉన్నాడు. ఆయన అవసరం లేదని మేమనడం లేదు. ఇద్దరూ ఒకరి భాష ఒకరికి తెలియక ఎవరి కాగితం వారు గీసుకుంటే, ఆ రెండు కాగితాల సందులో ప్రమాదం పుడుతుంది. 1981 జూలై 17వ తేదీన అమెరికాలో కాన్సాస్ నగరపు ఒక హోటలులో గాలిలో వేలాడే రెండు నడకదారులు, ఒకదాని కింద ఒకటి, జనంతో సహా కూలినవి. 114 మంది చనిపోయినారు. మొదటి నక్షాలో పైకప్పునుండి ఒకే పొడుగు ఇనుప కడ్డీ రెండు నడకదారులనూ మోయాలి. ఆ కడ్డీకి నడుమ నట్టు బిగించవలెనంటే అడుగునుండి అంత పొడుగునా మర పెట్టాలి. పనివారికి అది కుదరదనిపించింది. దాన్ని రెండు కడ్డీలుగా చేసినారు. ఒకటి పైకప్పునుండి పై నడకదారికి, రెండవది పై నడకదారినుండి కింది నడకదారికి. కాగితం మీద చిన్న మార్పు, ఆమోదం కూడా దొరికింది.

మన ఇంటి ఉట్టిని తలచుకోండి. ఒకే తాడుకు రెండు కుండలు వేరువేరు ముడులతో కట్టితే, ఏ ముడి తన కుండనే మోస్తుంది. కింది కుండను తాడుకు కాక పై కుండ మెడకు కట్టితే? పై ముడి మీద రెండు కుండల బరువూ పడుతుంది. అక్కడ జరిగింది ఇదే. మన అవ్వలకు తెలిసిన సంగతి అంతమంది చదువుకున్నవారి చేతులు దాటి పోయింది. మొదట గీసినవారు “దీన్ని ఎట్లు బిగిస్తారు?” అని ఆలోచించి ఉంటే ఆ మార్పు అవసరమే రాదు.

దూరదేశం మాట ఎందుకు, మనకు దగ్గరగానే ఉన్నవి. శ్రీకాళహస్తిలో కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలింది. పగులు ముందే హెచ్చరించింది కనుక జనాన్ని దూరంగా పంపినారు, ప్రాణనష్టం తప్పింది. కొత్త గోపురానికి 2017లో కుంభాభిషేకం జరిగింది. హైదరాబాదు హుస్సేన్‌సాగరంలోని బుద్ధ విగ్రహాన్ని చూసినవారు ఈ సభలో చాలామంది ఉంటారు. చెక్కడంలో దానికి వంక పెట్టేవారు లేరు. అయినా 1990 మార్చి 10న దాన్ని పడవ మీద నీటి నడిమికి చేరుస్తుండగా పడవ ఒరిగి, విగ్రహం మునిగి, మనుషులు పోయినారు. 1992 డిసెంబరు 1న గాని అది మళ్ళీ నిలబడలేదు. వందల టన్నుల ఏకశిలను చెక్కడం ఒక విద్య అయితే, దాన్ని చోటికి చేర్చడం మరొక విద్య.

మన పెద్దలకు ఈ రెండూ ఒకటే విద్యగా ఉండేవి. 1213 నాటి రామప్ప గుడిని చూడండి. కింద బరువైన రాయి, పైన విమానానికి నీటిలో తేలేటంత తేలికైన ఇటుక. ఆ ఇటుకను కాల్పించినవానికి పునాది కింది ఇసుక సంగతీ తెలుసు. అందాన్ని ఒకచోట, బలాన్ని మరొకచోట పెట్టి ఉంటే ఆ గుడి ఈనాటికి నిలిచేదా? 2021లో యునెస్కో వారు దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినారు.

ఇప్పుడు చెప్పబోయేది యుగాదినాడు చెప్పదగినది కాదేమో. అయినా చెప్పక తప్పదు.

2014 జూన్ 28, శనివారం సాయంత్రం, ఈ నగరపు శివారు మౌలివాక్కంలో కట్టుబడిలో ఉన్న పదకొండు అంతస్తుల భవనం వానలో కూలిపోయింది. 61 మంది చనిపోయినారు. వారిలో చాలామంది మనవారే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలనుండి పొట్ట చేతపట్టుకుని వచ్చినవారు. పిడుగు పడి కూలిందని మొదట ఒక మాట వినవచ్చింది. విచారణలో బయటపడింది వేరు, కట్టడంలోనే లోపమున్నదని తేలింది. పక్కనే దానికి జంటగా లేచిన రెండవ భవనాన్ని 2016 నవంబరు 2న మందుగుండు పెట్టి కూల్చినారు. కూల్చవలసినంత దుర్బలంగా ఉన్నదన్నమాట.

ఆ భవనపు రంగుల బొమ్మ ఎక్కడో ఒక ప్రకటనలో అందంగానే ఉండి ఉంటుంది. దానిలో చెట్లు, కార్లు, చేయి పట్టుకుని నడిచే దంపతులు, అన్నీ ఉంటాయి. తట్ట మోసేవారు మాత్రం ఏ బొమ్మలోనూ ఉండరు. మన పిల్లలు గీసే ప్రతి గీతనూ ఎవరో ఒకరు తలమీద మోసి పైకి చేరుస్తారు. ఆ మోసేవారు ఒక తరం కిందట మనమే. ఈ సభలో కూర్చున్నవారిలో ఎంతమంది తండ్రులో, తాతలో ఈ నగరపు గోడలకు ఇటుకలు అందించినారో మేమెరుగుదుము. వారి మనుమలు గీయవలసిన స్థానానికి వచ్చినందుకు మాకు సంతోషం. కాని గీసేవాడు కూడా మోసేవాణ్ణి ఎరగకపోతే, రంగులబొమ్మ గీసినవానికీ మనవానికీ తేడా ఏమిటి?

కొందరు విద్యార్థులు మాతో వాదించినారు. బరువు, ఖర్చు, పనివాడి చేయి అని ముందే ఆలోచిస్తే ఊహ కుంచించుకుపోతుందట. ఆ వాదంలో కొంత నిజమున్నది, కాదనము. ప్రతిదానికీ “కుదరదు” అనే మేస్త్రి మాట వింటే నాలుగు గోడల పెట్టె తప్ప ఏదీ లేవదు. అయితే ఫ్లారెన్సు నగరపు పెద్ద గుమ్మటాన్ని 1420 నుండి 1436 వరకు కట్టించిన బ్రూనెల్లెస్కీ ఎవరు? బంగారుపని నేర్చినవాడు. అంత ఎత్తుకు నేలనుండి సెంట్రింగు వేసేందుకు కలప చాలదని తెలిసి, సెంట్రింగు లేకుండానే లేచేటట్టు ఇటుక వరుసలు ఆలోచించినాడు. బరువులు పైకెత్తేందుకు ఎద్దులు తిప్పే యంత్రాన్ని కూడా తానే కల్పించినాడు. పని తెలిసినందువల్లనే ఆయన ఊహ అంత ఎత్తుకు పోయింది. మరి సిడ్నీ నాటకశాల? 1957లో పోటీ గెలిచిన ఆ తెరచాపల బొమ్మను కట్టే దారి దొరకడానికే ఏండ్లు పట్టింది. ద్వారాలు తెరిచింది 1973లో. అందం దక్కింది, నిజమే. అంత కాలమూ అంత ధనమూ పెట్టగల దొరలు మన పిల్లలకు దొరుకుతారని మేము హామీ ఇవ్వలేము.

తల్లిదండ్రులకు ఒక్క మాట. ఆర్కిటెక్చరు ఐదేండ్ల చదువులో బయట పని నేర్చుకునే గడువు ఉంటుంది. ఆ నెలలు చల్లని గదిలో కంప్యూటరు ముందు గడిచిపోయేటట్టు సిఫారసులు చేయించకండి. “మా అమ్మాయి ఎండలో, దుమ్ములో, మగకూలీల నడుమ ఎట్లు తిరుగుతుంది?” అని ఒక తల్లి అడిగింది. అమ్మా, ఆ ఎండలోనే తట్ట మోస్తున్నది కూడా ఒక తల్లి కన్న ఆడపిల్లే. మీ అమ్మాయికి తలమీద టోపీ, కాళ్ళకు బూట్లు ఉంటాయి.

విద్యార్థులారా, సైటుకు పోయినప్పుడు మొదటి వారం మాట్లాడకుండా చూడండి. తూకపు గుండు ఎందుకు వదులుతారో, నీళ్ళు నింపిన గొట్టంతో మట్టం ఎట్లు చూస్తారో చూడండి. కాంక్రీటు సులువుగా జారుతుందని కూలి రెండు బిందెల నీళ్ళు ఎక్కువ పోస్తే బలం ఎంత తగ్గుతుందో ఇంజనీరును అడగండి. స్లాబు పోసిన మరునాటినుండి కనీసం ఏడు రోజులు తడపాలని పుస్తకంలో ఉన్నది. తిరుత్తణి మే నెల ఎండలో మొదటి మధ్యాహ్నమే అది ఎట్లు ఆరిపోతుందో వెళ్ళి చెయ్యి పెట్టి చూడండి. నాలుగున్నర మీటర్ల లోపు స్లాబుకు గుంజలు ఏడు రోజులు, అంతకు మించితే పధ్నాలుగు. అద్దె పెరుగుతుందని నాలుగవ రోజునే గుంజ తీయబోయేవానికి అడ్డుపడే ధైర్యం, కారణం తెలిసినవానికే వస్తుంది. ఈనాడు సైట్లలో పనిచేసేవారు ఒడిశానుండి, బీహారునుండి, బెంగాలునుండి వస్తున్నారు. నాలుగు హిందీ మాటలు నేర్చుకోండి. పరాయి ఊరిలో తన భాష వినబడితే ఎట్లుంటుందో మనకు వేరే చెప్పనక్కరలేదు.

మాకు ఇచ్చిన సమయం దాటిపోయినట్టున్నది, కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. చివరగా ఒక సమాచారం. అత్తిమంజేరిపేటలో మా బంధువుల ఇంటికి పై అంతస్తు వేస్తున్నాము. కింద రెండు మరమగ్గాలు నడుస్తున్నవి కనుక పాత గోడల సంగతి మొదట తేల్చుకోవాలి. గాజుముక్కలు అతికించి మూడు వారాలయింది, ఒకటి విరిగింది. వచ్చే ఆదివారం ఆ గోడ పునాది తవ్వి చూస్తాము. చూడదలచిన విద్యార్థులు ఈ సభ ముగిసిన తరువాత తమ పేర్లు మాకు ఇవ్వవలెను. తెల్లవారుజామున బండి బయలుదేరుతుంది. టీలూ, మధ్యాహ్నం భోజనమూ మావి. పాతబట్టలు కట్టుకుని రండి, తవ్వే పలుగు మీ చేతికి కూడా ఇస్తాము.